చర్చి హాలులో పోషకాహార తరగతులు

సంపాదకులకు నమస్కారం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. చిత్తూరులో మా చర్చి హాలులో నెలనెలా జరిగే పోషకాహార తరగతులకు మతభేదం లేకుండా ఇరుగుపొరుగు స్త్రీలు వస్తున్నారు. అక్కడ ప్రసంగం ఉండదు, వంటే ఉంటుంది. రాగిసంగటిలోకి మునగాకు పప్పు వండి, దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందనీ, తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుందనీ చెప్పినప్పుడు, టీ సంగతే వారికి కష్టంగా తోచింది (సహజమే). గంటసేపు ఆగి తాగమంటే ఒప్పుకున్నారు.

వారంలో చాలా రోజులు ఖాళీగా ఉండే ఇటువంటి హాళ్లు జిల్లాలో ఇంకా ఉన్నాయి కనుక, స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులు నెలకొక పూట పోషకాహార నిపుణురాలిని పంపవలసిందిగా కోరుతున్నాను. సరుకుల ఖర్చు సంఘమే భరిస్తుంది.

— ఒక సంఘ సభ్యురాలు, చిత్తూరు