ఇక్కడి ప్రమోషన్ల గోల

ఒసేయ్ పద్మా,

నీ డిప్యూటీ తహసీల్దారు ఫైలు కదిలిందట కదా! మీ అమ్మ చెబితే తెలిసింది, నువ్వు చెప్పలేదు. దాని మీద పోట్లాట తర్వాత. ముందు నీ ప్రశ్న సంగతి. అమెరికా సర్కారు ఉద్యోగాల్లో తెల్లవాళ్ళు కాని ఆడవాళ్ళని పైకి రానిస్తారా అన్నావు.

కొంతవరకు రానిస్తారు. ఆ తర్వాతే ఉంది కథంతా. నీకు సీనియారిటీ లిస్టుంది, నిద్రలో లేపి అడిగినా అందులో నీ నంబరు చెబుతావు. ఇక్కడ జీఎస్ గ్రేడులు 1 నుంచి 15 దాకా, వాటి పైన ఎస్‌ఈఎస్ అని పెద్ద అధికార్ల శ్రేణి. కొంత దూరం వెళ్ళాక ప్రతి మెట్టుకీ మళ్ళీ అప్లై చేసి నెగ్గాలి. రూల్సులో ఎక్కడా రంగు అడ్డురాదు. వివక్ష చూపితే కోర్టుకెళ్ళే హక్కు ఫెడరల్ ఉద్యోగులకి 1972 నుంచీ ఉంది.

మరి ఎక్కడ ఆగిపోతారంటే, పని పంచే దగ్గర. పై అధికారి లేనప్పుడు ఇన్‌ఛార్జి ఎవరికి? హెడ్డాఫీసుకి కొన్నాళ్ళు ఎవర్ని పంపాలి? ఇవన్నీ చాలావరకు బాసు ఇష్టం. మా దగ్గర ఒక నల్లజాతి ఆవిడ ఉంది, సెక్షన్‌లో కొత్తగా ఎవరొచ్చినా పని నేర్పేది ఆవిడే. అలా నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఆవిడకే బాసు. ఇంటర్వ్యూలో "టీముని నడిపిన అనుభవం ఉందా?" అని అడిగారట. ఇస్తే కదా ఉండేది! ఫిర్యాదు చెయ్యాలంటే అన్యాయం జరిగిన 45 రోజుల్లో, వివక్ష గొడవలు చూసే కౌన్సెలర్ని కలవాలి. ఒక్కసారి ఇన్‌ఛార్జి ఇవ్వలేదని ఎవరు వెళతారే? ఏళ్ళ తరబడి ఇవ్వట్లేదని అర్థమయ్యేసరికి పాత గడువులన్నీ దాటిపోయి ఉంటాయి.

మేరీ జాక్సన్ పేరు విన్నావా? 1958లో నాసాలో తొలి నల్లజాతి మహిళా ఇంజినీరు. అందుకు కావలసిన క్లాసులు తెల్లవాళ్ళ స్కూల్లో జరిగేవి, అక్కడ కూర్చోడానికి హాంప్టన్ ఊరి పెద్దల దగ్గర అనుమతి తెచ్చుకుంది. అంత చేసినా మేనేజరు పోస్టు మాత్రం ఏళ్ళు గడిచినా రాలేదు. చివరికి 1979లో తనే గ్రేడు తగ్గించుకుని, ఆడ ఉద్యోగుల ఎదుగుదల చూసే పోస్టులోకి మారింది. దీన్ని అందరూ త్యాగం అని మెచ్చుకుంటారు. నాకైతే ఒళ్ళు మండుతుంది. మిగతావాళ్ళకి దారి చూపడానికి ఒక ఇంజినీరు తన మెట్టు దిగాలా? 2020లో నాసా హెడ్డాఫీసుకి ఆవిడ పేరు పెట్టారు, ఆవిడ పోయిన 15 ఏళ్ళకి.

ఆ నాసాలోనే క్రిస్టీన్ డార్డెన్ అని ఇంకో నల్లజాతి ఆవిడ ఎస్‌ఈఎస్ దాకా వెళ్ళింది. తనలాంటి చదువే ఉన్న మగవాళ్ళని ఇంజినీర్లుగా వేసి, నన్ను లెక్కలు చేసే గుంపులో ఎందుకు వేశారని పై అధికారిని మొహం మీదే అడిగింది మరి.

2025 జనవరిలో ట్రంప్ వైవిధ్యం పేరుతో నడిచే కార్యక్రమాలు ఎత్తెయ్యమన్నాక మా ఆఫీసులో ఆ ఊసే లేదు. నేనైతే జీఎస్ 14వ గ్రేడుకి అప్లై చేశాను, టెన్షన్‌గానే ఉంది. నువ్వు డీటీ అయ్యాక నీ కింద ఇన్‌ఛార్జి ఎవరికి ఇస్తావో చూస్తాలే! ఆర్డరు రాగానే ఫోన్ చెయ్యి, మీ అమ్మ చేత చెప్పించకు.

నీ
సుజాత