ఆటోక్లేవ్ లేని మైక్రోబయాలజీ ప్రయోగశాల: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. మా ప్రభుత్వ డిగ్రీ కళాశాల మైక్రోబయాలజీ ప్రయోగశాలకు కొత్త ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) మంజూరు చేయవలసిందిగా మేము పెట్టుకున్న అర్జీలన్నింటికీ "దస్త్రం పరిశీలనలో ఉన్నది" అన్న ఒక్క సమాధానమే వస్తున్నందున, ఆ పరిశీలిస్తున్నవారి ఓపికకు జోహార్లు అర్పిస్తూనే ఈ లేఖ రాస్తున్నాను.

ఉన్న యంత్రం మూత గాస్కెట్ అరిగిపోయింది. ఆవిరి పక్కల నుంచి పోతుంటే గేజు ముల్లు 10 పౌండ్లు దాటదు. సూక్ష్మజీవులన్నీ చావాలంటే 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీల సెల్సియస్, 15 నిమిషాలు అని తరగతిలో చెప్పి, పక్క గదిలోకి వచ్చి తలదించుకుంటున్నాము. చాలీచాలని ఆ వేడికి మామూలు బాక్టీరియా చచ్చినా బాసిల్లస్ అనే బాక్టీరియా స్పోర్లు (వేడిని తట్టుకునే దాని గట్టి రూపాలు) బతికిపోతాయి కనుక, ఏ సూక్ష్మజీవినీ వేయకుండా పోల్చి చూడడానికి ఉంచిన కంట్రోల్ ప్లేటు మీద కూడా మరునాటికి కాలనీలు (సూక్ష్మజీవుల గుంపులు) లేస్తున్నాయి. ఇక పక్క ప్లేటులో కనిపిస్తున్నది మట్టి నమూనాలోని జీవియో, మా మీడియాలో (సూక్ష్మజీవులను పెంచే ఆహారంలో) మిగిలినదో విద్యార్థికి ఏమని చెప్పాలి? చివరకు ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చి అగార్ (ప్లేట్లలో పోసి గడ్డకట్టించే మీడియా) సిద్ధం చేసుకుంటున్నాము. అందులో రెండు ఫ్లాస్కులకు మించి పట్టవు.

అన్ని తంటాలు పడి పోసిన ప్లేట్లను 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. సాయంత్రం కళాశాల మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తారు, ఆ వేడిని నిలిపే ఇన్‌క్యుబేటర్‌కు వేరే లైను లేదు. ఏప్రిల్‌లో మాత్రం ఆ లోటును సూర్యభగవానుడే తీరుస్తున్నాడు.

ఎంజైముల ప్రయోగం గతి కూడా ఇంతే. స్టార్చ్ అగార్ మీద పెరిగిన బాసిల్లస్, ఎంజైము అయిన అమైలేజ్‌ను బయటికి వదిలి తన చుట్టూ ఉన్న స్టార్చ్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. పైన అయోడిన్ పోస్తే ప్లేటంతా ముదురు నీలంగా మారి, కాలనీ చుట్టూ మాత్రం తేట వలయం మిగులుతుంది. ఎంజైము కంటికి కనబడకపోయినా దాని పని కనబడుతుందని పిల్లలకు తెలిసేది అక్కడే. మా విద్యార్థులు ఆ వలయాన్ని ప్లేటు మీద చూడకుండానే నీలిరంగు పెన్సిలుతో రికార్డులో ఎంతో అందంగా వేస్తున్నారు, మేము సంతకాలు పెడుతున్నాము.

అన్నిటికన్నా భయపెడుతున్నది వాడేసిన ప్లేట్ల సంగతి. బతికి ఉన్న కల్చర్లను చంపిన తర్వాతనే పారవేయాలన్నది పాఠంలోనూ ఉంది, విద్యాసంస్థలకు కూడా వర్తించే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలలోనూ ఉంది. మేము బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టి, అటెండరు చేతికి గ్లవుజులిచ్చి, ఏమీ కాకూడదని మొక్కుకుంటున్నాము. తమరి శాఖ ఈలోగా మాకు పంపినది ఒక డిజిటల్ బోర్డు. దాని మీద గ్రామ్ స్టెయినింగ్ (బాక్టీరియాకు రంగులు వేసి గుర్తించే పద్ధతి) వీడియో చక్కగా కనిపిస్తుంది, మా దగ్గర దానికి కావలసిన ఎర్రరంగు సాఫ్రనిన్ సీసా ఎండిపోయిందే తప్ప.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి చిత్రపటానికి ఈ ప్రయోగశాలలోనే దండ వేస్తాము. ఆయన పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లే అనే అమెరికా మందుల సంస్థ 1948లో వెలువరించిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్, ఎవరో పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవిని ప్లేటు మీద పెంచి చూసినందువల్లనే దొరికింది.

దయచేసి ఆటోక్లేవ్ ఇప్పించండి, ఇన్‌క్యుబేటర్‌కు రాత్రిపూట కరెంటు ఇప్పించండి, రసాయనాల నిధులు సెమిస్టరు ముగిశాక కాక మొదట్లో విడుదల చేయించండి. ఇవేవీ కుదరవంటే, ప్రాక్టికల్ పరీక్షకు రంగు పెన్సిళ్ళు తెచ్చుకోవలసిందని హాల్‌టికెట్ మీద అచ్చు వేయించినా చాలు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల మైక్రోబయాలజీ అధ్యాపకుడు