మిల్లు పైకప్పు గురించి నాలుగో వినతి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

మా ఊరి పాత నూలు మిల్లు కళాకేంద్రంగా మారి, మీ చేతుల మీదుగా తెరుచుకుని రెండేళ్లయింది. అందులో మిల్లు కార్మికుల ఛాయాచిత్ర ప్రదర్శన నడుపుతున్నవారిలో ఒకడిగా ఇప్పటికి మూడు వినతిపత్రాలు సమర్పించాను. మూడింటికీ రసీదులు ఇచ్చారు, జవాబు మాత్రం రాలేదు. అందుకే నాలుగోదాన్ని పదిమందీ చదివేలా రాయవలసి వచ్చింది.

మిల్లు షెడ్ల పైకప్పును రంపపు పళ్లలా కట్టి, ఉత్తరం వైపు అద్దాలు పెట్టేది నేరుగా ఎండ పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు రావడానికి. తెగిన నూలుపోగు కంటికి ఆనాలంటే అలాంటి వెలుతురు కావాలి, ఫొటో చూడటానికీ అంతకన్నా మంచిది దొరకదు. ఆ అద్దాలను రేకులతో మూసేసి, కింద ఫాల్స్ సీలింగ్ బిగించి, కళ్లు చెదిరే దీపాలు పెట్టారు. పోనీలే అనుకున్నాం. కానీ పంటికీ పంటికీ మధ్య ఉన్న గట్టర్లు రావి ఆకులతో పూడుకుపోయి, వాననీరు సీలింగ్ మీద నిలిచి, వాన వెలిసిన మూడు రోజుల తర్వాత కూడా ఏడో స్తంభం దగ్గర ధారగా కారుతోంది.

ప్రారంభ సభలో లండన్‌లోని కళల మ్యూజియం టేట్ మోడరన్ పేరు చాలాసార్లు వినిపించింది. 1981లో మూతపడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో ఆ మ్యూజియంగా తెరుచుకున్నమాట నిజమే. అక్కడి టర్బైన్ హాలులో బకెట్లు పెడతారో లేదో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మేము మాత్రం పదకొండు పెట్టాం.

పాత నలుపు తెలుపు ఫొటో కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. తేమ తగిలితే దానికి బూజు పడుతుంది, ఫ్రేము అద్దానికి అంటుకుపోతుంది, విడదీయబోతే బొమ్మ అద్దంతోనే ఊడివస్తుంది. స్పిన్నింగ్‌లో పనిచేసి కాలం చేసిన తన భర్త ఫొటోను ఒక పెద్దావిడ మమ్మల్ని నమ్మి ఇచ్చారు. యంత్రం పక్కన నిలబడి ఆయన దిగిన ఫొటో ఆ ఇంట్లో అదొక్కటే, నెగటివ్ లేదు. ఇప్పుడు యంత్రం కనిపిస్తోంది, ఆయన ముఖం లేదు. ఆ ఫ్రేమును తిరిగి ఇవ్వడానికి రెండుసార్లు వాళ్ల వీధి దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఏ శాఖ తరఫున ఏమని చెప్పాలో మీరైనా సెలవివ్వండి.

1934లో మొదలై 2002లో మూతపడిన వరంగల్ ఆజంజాహి మిల్లు షెడ్లను ఇప్పుడు ఫొటోల్లోనే చూసుకోవాలి. మాకు షెడ్డు మిగిలింది, ఫొటోలే మిగిలేలా లేవు.

ఇద్దరు మనుషులు రెండు రోజులు పనిచేస్తే గట్టర్లు శుభ్రమవుతాయి. నిధులు లేవన్నారు. మేమే ఎక్కి తీస్తామంటే ప్రభుత్వ ఆస్తి, ఎక్కకూడదన్నారు. ముఖద్వారం మీది వెలిగే అక్షరాలు మాత్రం ఒక్క రాత్రి కూడా ఆరలేదు. దయచేసి గట్టర్లు తీయించండి. లేదా తీసుకోనివ్వండి. అద్దాల సంగతి, దీపాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు గట్టర్లు.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవానికి మీరు ఇదే హాలులో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డాగురే చిత్రపటానికి పూలమాల వేస్తారని ఆహ్వానపత్రం అందింది. తప్పక రండి. అది వానల కాలం కనుక, మీ కుర్చీని ఏడో స్తంభం దగ్గర మాత్రం వేయవద్దని నిర్వాహకులకు ముందే చెప్పి ఉంచాం.

ఇట్లు,
ప్రదర్శన నిర్వాహకులలో ఒకడు