మొవ్వు బతికే ఉంది

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో "నాకు ఏదీ కలిసిరాదు నాన్నా" అన్నావు. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. నాలుగో ఇంటర్వ్యూ కూడా పోయిందంటే బాధే మరి. టెన్షన్ పడకు, అంతా మన మంచికే అని నేను అనలేకపోయాను. పోయినదాన్ని పోలేదని చెప్పడం నాకు చేతకాదు. తాతయ్య కూడా ఎప్పుడూ అలా చెప్పలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను నీకు కథగానే తెలుసు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. తెల్లారి చూస్తే మన తోట లేదు. వందకు పైగా కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ తుపానుకి వెయ్యిమందికి పైగా మనుషులే పోయారు, చెట్ల కోసం పైకి ఏడవడానికి కూడా సిగ్గేసింది. నాలుగు రోజుల్లో దీపావళి. మన వీధిలో ఎవరూ ఒక్క టపాకాయ కాల్చలేదు.

తాతయ్య రెండు రోజులు అరుగు మీంచి లేవలేదు. మూడో రోజు పంచె ఎగ్గట్టి తోటలోకి నడిచారు, వెనకే నేను. నిలబడినవి పదకొండే. మట్టలన్నీ విరిగి, చూడ్డానికి అవీ చచ్చినట్టే ఉన్నాయి. ఆయన ఒక్కో చెట్టు కింద ఆగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసేవారు. "మొవ్వు బతికే ఉందిరా" అనేవారు. మొవ్వంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత చిగురు, అది ఉంటే చెట్టు ఉన్నట్టే. తొమ్మిదింటి దగ్గర ఆ మాట అన్నారు. రెండింటి దగ్గర ఏమీ అనకుండా ముందుకు వెళ్లిపోయారు.

కొత్త మొక్కలు కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. అన్నాళ్లూ దేన్ని చూసుకుని బతకాలి? అందుకని మధ్యలో అరటి పిలకలు పెట్టించారు. ఏడాది తిరిగేసరికి గెలలు రావులపాలెం మార్కెట్‌కి వేశాం. పెద్ద డబ్బేం రాలేదు. కానీ తుపాను తర్వాత తోటవైపే చూడని నానమ్మ, గెలలు కోసిన రోజున వచ్చి గట్టు మీద కూర్చుంది.

ఈసారి చివరి రౌండ్ దాకా వెళ్లానని నువ్వే చెప్పావు. ఆ ముక్క గబగబా అనేసి దాటేశావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, అమ్మడూ. ఇంకోటి. హాస్టల్లో వంటావిడ కూతురికి లెక్కలు చెప్పడం మానేశానన్నావు. మళ్లీ మొదలుపెట్టు. ఉద్యోగం ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఆ పిల్లకి భిన్నాలు అర్థమైన రోజు నువ్వు ఫోన్‌లో ఎలా మాట్లాడావో నాకింకా గుర్తుంది.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. పెరట్లో కర్పూర గెల ముగ్గుతోంది, అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. సోమవారం కొబ్బరికాయల దింపు పెట్టుకున్నాం. ఆ తొమ్మిదింట్లో ఐదు చెట్లు ఇంకా కాస్తున్నాయి.

ప్రేమతో,
నాన్న