బడి డబ్బాలో చోడి ఉండలు

సంపాదకుల వారికి,

పర్లాకిమిడి, రాయగడ సంతల్లో చోళ్లు (అంటే రాగులు, ఒరియావాళ్ల మాండియా) దొరుకుతుండగా పిల్లల సంచుల్లో చిప్స్ ప్యాకెట్లేమిటో! వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

కప్పు చోడిపిండిని సన్నసెగ మీద 8–10 నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే ఉండ పచ్చివాసన కొడుతుంది, పిల్లలు రెండోరోజు ముట్టరు. అరకప్పు వేరుశనగ గుళ్లు వేయించి, పొట్టు తీసి, ముప్పావు కప్పు బెల్లంతో దంచి, పిండిలో కలపాలి. నాలుగైదు చెంచాల కాచిన నెయ్యి పోసి, వేడి ఆరకముందే చుట్టాలి. పాలో నీళ్లో చిలకరిస్తే ఉండ సులువుగా కడుతుంది గానీ, వానాకాలంలో త్వరగా బూజు పడుతుంది. నెయ్యితో చుట్టినవి తడిలేని డబ్బాలో వారం నిలుస్తాయి. బడికి రెండు చాలు. వేరుశనగ పడని పిల్లలకు పుట్నాలు వేయండి.

గుగ్గిళ్లు పెట్టేవాళ్లు వాటిని పళ్లెంలో ఆరబోసి, చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూత బిగిస్తే ఆవిరి నీరై కారి, మధ్యాహ్నానికి జిగురొస్తుంది. కొబ్బరికోరు వేస్తే ఇంకా ముందే పాడవుతుంది. జామకాయ మాత్రం కోయకుండా పంపండి.

— కొందరు తల్లులు, పర్లాకిమిడి