సిలిండర్ కోడ్ లడఖ్ వెళుతోంది

కర్ణాటక సైనిక సంక్షేమ, పునర్వసతి శాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్న రిటైర్డ్ ఉద్యోగిని, మాది చిత్తూరు జిల్లా. నా కన్నడం కూరగాయల బేరం దాటదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. మా కింది వాటాలో అద్దెకున్న అనంతపురం అమ్మాయి భర్త సైన్యంలో హవల్దారు. ఏడు నెలలుగా లడఖ్‌లో ఉన్నాడు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఇల్లు అడగడానికి వచ్చినప్పుడు, ఒప్పందం మీద అతని సంతకం ఉంటేనే తాళాలు ఇస్తానన్నాను. ఆ కాగితం 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకు వెళ్లి తిరిగి రావడానికి నెల పట్టింది. అన్నాళ్లూ తల్లీకూతుళ్లు చుట్టాల ఇంట్లో సర్దుకున్నారు. భార్య సంతకం చెల్లదని నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ అడుగుతారని నేనూ అడిగాను.

మొన్న వాళ్ల గ్యాస్ అయిపోయింది. సిలిండర్ తెచ్చిన కుర్రవాడు కోడ్ చెప్పమన్నాడు. కనెక్షన్ భర్త పేరున ఉంది, కోడ్ అతని ఫోనుకే వెళుతుంది, ఆ ఫోనుకు కొండ మీద సిగ్నల్ ఉండదు. "ఒక్క నిమిషం ఆగు బాబూ" అంటూ ఆ అమ్మాయి పదిసార్లు ప్రయత్నించింది. కుర్రవాడు సిలిండర్‌ను మళ్లీ బండెక్కించాడు. చివరికి మా రెండో సిలిండర్‌ను నేనే మెట్ల మీదుగా దించాను. నిబంధనలు ఒప్పుకోవని తెలుసు, నా నడుమూ ఒప్పుకోలేదు.

అంతకంటే పెద్ద చిక్కు వాళ్ల సొంతూళ్లో ఉంది. పొలం మీద దాయాదులు కేసు వేశారు. ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న జవాను కోర్టుకు రాలేడని కలెక్టర్ ధ్రువీకరించి పంపే వీలు 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టంలోనే ఉందట. తెలిసిన వకీలు చెబితే గాని మాకు తెలియలేదు. సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టే వీర్ పరివార్ సహాయతా యోజన కూడా 2025 జులై 26న మొదలైంది. అనంతపురం కలెక్టరుకు వెళ్లాల్సిన విన్నపాన్ని బెంగళూరులో ఉన్న భార్య ఎవరికి ఇవ్వాలి?

జిల్లా సైనిక కార్యాలయం మాజీ సైనికులకేనని మా వీధిలో అందరి నమ్మకం. విధుల్లో ఉన్న జవాను కుటుంబానికి కూడా అది అండ అని ఇంటింటికీ తెలియాలి. భార్య సంతకాన్ని అంగీకరించమని కోరే ఒక్క పేజీ ధ్రువపత్రం మీ ముద్రతో ఇప్పించండి. చట్టబలం లేకపోయినా నాలాంటి ఇంటి యజమానికి అది చాలు. కుటుంబం ఒప్పుకుంటే, వాళ్లు ఎంచుకున్న ఒక పొరుగువారి ఫోను నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. జవాను ఇల్లు ఎక్కడో నలుగురికీ చాటమనడం లేదు, అది ప్రమాదం. మా తెలుగు సంఘాలు ఉగాదికి అంత హడావుడి చేస్తాయి, ఈ పనికీ మనుషులు దొరుకుతారు. సాయుధ దళాల పతాక దినోత్సవమని డిసెంబర్ 7న జేబుకు జెండా గుచ్చుకుని డబ్బాలో నోటు వేయడం 1949 నుంచి చేస్తున్నదే కదా.

నిన్న రాత్రి అతని ఫోను వచ్చింది. రెండు నిమిషాలే. గ్యాస్ సంగతి గానీ కోర్టు సంగతి గానీ ఆ అమ్మాయి ఎత్తలేదు. పాపకు ముందు పన్ను ఊడిందని చెప్పింది.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని