పాత బండి బాగయ్యే రోజులకు చట్టంలో చోటివ్వండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి... ఈ ఊళ్లలో ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా అమ్మకానికి పెట్టిన పాత బండి ఒకటో రెండో కనబడుతుంది. పెద్ద ఆటో కన్సల్టెన్సీల సంగతి వేరు. మేం రాస్తున్నది నెలకో బండి, రెండు నెలలకో బండి కొని, బాగుచేసి అమ్ముకునే వాళ్ల గురించి. షెడ్డులో కూలికి పనిచేసే మెకానిక్, యాసంగికి బోరు ఎండి పొలం పడావు పెట్టిన రైతు, జీతం చాలని ప్రైవేటు స్కూలు టీచరు ఇందులో ఉన్నారు. కొనేవాళ్లూ అలాంటి వాళ్లే. పాలు పోసేవాళ్లు, మేస్త్రీ పనికి పక్క మండలం పోయేవాళ్లు, షోరూంలో కొత్త బండికి డౌన్ పేమెంట్ కట్టలేని వాళ్లు. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ నెలల్లో గిరాకీ ఉంటుంది, తర్వాత చల్లబడుతుంది.

మా విన్నపం ఒక్కటే. అమ్మినాయన బండి అప్పజెప్పిన రోజుకూ, కొన్నాయన పేరున ఆర్‌సీ మారిన రోజుకూ నడుమ ఇరవై ముప్పై రోజులు ఉంటాయి. బండి బాగయ్యేది ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో బండి బాధ్యత ఎవరిదో ప్రభుత్వ రికార్డులో తేలాలి. ఇప్పుడు తేలడం లేదు. మిగతా చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

ముందు ఈ పనిలో ఏముంటుందో చెప్పాలి. ఉదాహరణకు పన్నెండేళ్ల నాటి వంద సీసీ స్ప్లెండర్ 25,000 రూపాయలకు వచ్చిందనుకుందాం. బోరింగు (అరిగిన సిలిండరును లోపల చెక్కి సాఫు చేయడం), పిస్టన్ సెట్టు కలిపి 3,000 దాకా అవుతుంది. చైన్ సెట్టు 1,200, హ్యాండిల్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) కూలితో 600, రెండు టైర్లు 3,500, బ్యాటరీ 1,200, ఆయిలు, కేబుళ్లు, బ్రేక్ షూలు ఇంకో 1,000. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 75 నుంచి 150 సీసీ బండికి 714 రూపాయలు, పన్నుతో 842. అన్నీ కలిపితే 11,000 దాటుతుంది. 40,000కు అమ్మితే చేతిలో మిగిలేది మూడున్నర వేల పైచిలుకే. అంచనా ఒక్కచోట తప్పినా ఆ మిగులు ఉండదు. క్రాంక్ బేరింగు మోత కొనే రోజున చెవిన పడకపోతే సొంత పైసలు పెట్టాల్సిందే.

అందుకే తెలిసినవాళ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బండి చూస్తారు. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడితే అనుమానించాల్సిందే. సెల్ఫ్ కొట్టగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ సీళ్ల పని, తక్కువలో పోతుంది. యాక్సిలరేటరు పెంచిన కొద్దీ నీలం పొగ పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. అప్పుడు సిలిండరు బ్లాకును లేతు షాపుకు పంపి, అరుగుదలను బట్టి పాయింట్ 25 గానీ పాయింట్ 50 గానీ మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టనుకు బోరు కొట్టించాలి. ఇదివరకే 100 సైజు (ఒక మిల్లీమీటరు) దాకా పోయిన బ్లాకైతే ఇక బోరుకు చోటుండదు, స్లీవ్ (లోపలి గొట్టం) మార్చాలి. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడుమ ఒకచోట గీత పట్టినట్టు ఆగితే కోన్ సెట్టు పోయింది. టైరు మీద నాలుగంకెల ముద్ర చూడాలి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చిన టైరు వానలో జారుతుంది. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి వచ్చే బండ్లకు ఇంకో జబ్బు ఉంటుంది. వెనక వడ్ల బస్తాలు వేసి గట్ల మీద తిప్పడం వల్ల స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్‌లోకి బురద చేరి అరిగిపోతుంది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపితే లొటలొటలాడుతుంది. దాన్ని వదిలేసి చైన్ సెట్టు ఒక్కటే కొత్తది వేస్తే, చైను నిటారుగా నడవక కొద్ది నెలల్లోనే పళ్లు కొరుక్కుపోతాయి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లతో లెక్క మారింది. కార్బొరేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. నెలల తరబడి ఇంట్లో నిలబెట్టిన బండి ట్యాంకులో ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుని, తుప్పు రేగి, పంపూ ఇంజెక్టరూ పట్టేస్తాయి. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో బల్బు వైరు తీసేశారని అర్థం.

అసలు చిక్కు రిపేరు అయ్యాక మొదలవుతుంది. బోరు కొట్టిన ఇంజిన్‌ను వెంటనే గట్టిగా తోలకూడదు. కొత్త రింగులు గోడకు కుదురుకునే దాకా, కనీసం 500 కిలోమీటర్లు, నెమ్మదిగా, బరువు లేకుండా నడిపి ఆయిలు మార్చాలి. అంటే ఆ బండి రోడ్డెక్కాలి. ఎవరి పేరున ఎక్కాలి? ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరునే ఉంటుంది. ఆయన దగ్గర ఉన్నది తాను సంతకం పెట్టిన పేరు మార్పిడి ఫారాలు 29, 30ల జిరాక్సు, అదీ ఉంటే. బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం రికార్డులో యజమానిగా ఉన్నవాళ్ల మీదికే పోతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఒకరికి పలుమార్లు చేతులు మారింది. ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది.

ఈ భయంతోనే బాగుచేసేవాళ్లు తొందరపడతారు. బోరు కొట్టించాల్సిన ఇంజిన్‌లో 10డబ్ల్యూ30 ఆయిలు బదులు చిక్కటి 20డబ్ల్యూ50 పోస్తే పొగ కొద్దిరోజులు కనబడదు. సాగిన చైనుకు ఒక లింకు తీసి బిగిస్తారు. మీటరు వెనక్కి తిప్పుతారు, కానీ నున్నగా అరిగిన ఫుట్‌రెస్ట్ రబ్బరును, వదులైన తాళం రంధ్రాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఇలాంటి మోసాలను మేం వెనకేసుకు రావడం లేదు, శిక్షించండి. కానీ బండి షెడ్డులో ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం అనే పరిస్థితి ఉన్నంత కాలం నిదానంగా, నికార్సుగా పని చేసేవాడే నష్టపోతాడు.

మరి బాగుచేసేవాళ్లు ముందు తమ పేరు మీదికి టీవో (యాజమాన్య మార్పిడి) చేయించుకోవచ్చు కదా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం ప్రకారం అమ్మినాయన 14 రోజుల్లో తెలపాలి, కొన్నాయన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. కానీ ఆర్‌సీ ఒకసారి మారితే ఓనర్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది. సెకండ్ ఓనర్ బండికీ థర్డ్ ఓనర్ బండికీ మా అంగళ్లలో రెండు మూడు వేల తేడా పలుకుతుంది. అంటే లాభంలో ఎక్కువ భాగం అక్కడే పాయె. దానికి తోడు రెండుసార్లు ఫీజు, రెండుసార్లు స్లాటు, రెండు పూటల కూలి. అందుకే సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో 'ఓపెన్' బండ్లు చేతులు మారుతున్నాయి.

దీనికి మందు ఇప్పటికే ఉంది. కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనల్లో 55ఏ నుంచి కొత్త నిబంధనలు చేర్చింది, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పాత వాహనాల డీలరు ఫారం 29ఏతో దరఖాస్తు చేసి ఐదేళ్ల అధీకృత పత్రం తీసుకోవచ్చు. యజమాని బండి అప్పజెప్పగానే ఫారం 29సీతో ఆన్‌లైన్లో తెలిపితే, ఆ క్షణం నుంచి డీలరే యజమానిగా లెక్క. ఓనర్ల సంఖ్య పెరగదు, పాత యజమానికి బాధ్యత ఉండదు. రిపేరుకూ, పెయింటింగుకూ, కొనేవాళ్లకు తోలి చూపించడానికీ బండిని రోడ్డెక్కించవచ్చు, ప్రతి ప్రయాణాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. మాకు కావలసింది ఇదే. కానీ దీన్ని షోరూములున్న వాళ్లకోసం రాసినట్టుంది తప్ప షెడ్డు ముందు ఒక్క బండి పెట్టుకునే మనిషి దాకా ఇది చేరలేదు.

కాబట్టి మంత్రి గారూ, ఏడాదికి పన్నెండు బండ్లకు మించని చిన్న అమ్మకందారుల కోసం ఈ అధీకృత పత్రంలోనే ఒక తేలిక తరగతి కావాలి. కేంద్ర నిబంధనల్లో మార్పు అవసరమైన చోట రాష్ట్రం తరఫున రాయండి. అది వచ్చేలోపు మీ చేతిలో ఉన్నవి చేయవచ్చు. ఫారం 29సీని మీసేవలో పెట్టించి, పాత యజమాని ఆధార్ ఓటీపీతో 'ఫలానా తేదీన, ఫలానా గంటకు బండి అప్పజెప్పాను' అన్న రసీదు అక్కడే ఇప్పించండి. పన్నెండు బండ్లు 40,000 చొప్పున అమ్మినా ఏడాది అమ్మకం ఐదు లక్షలు దాటదు. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు 20 లక్షలు. అందుకని ఈ తరగతికి జీఎస్టీ నంబరు తప్పనిసరి అనకండి.

చలాన్ల సంగతి కూడా ఈ రసీదుతోనే తేలుతుంది. బండి నంబరు మీద పడ్డ చలాన్లు ఎవరి కాలంలోవో తెలియక టీవో రోజున ఆర్టీఏ ఆఫీసు దగ్గర గొడవలవుతున్నాయి. 2023 డిసెంబరులో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలాన్లకు 80 శాతం రాయితీ ఇచ్చినప్పుడు జనం క్యూ కట్టి కట్టారు, అంటే ఇన్నాళ్లూ కట్టనిది మనసు లేక కాదు. అప్పజెప్పిన తేదీ రికార్డులో ఉంటే ఎవరిది వాళ్లు కడతారు.

ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసి అమ్మే బండ్ల మీద ప్రత్యేకంగా చూడండి. వాయిదాలు కట్టని బండిని తెచ్చుకున్న ఫైనాన్షియరు ఫారం 36తో ముందు తన పేరున ఆర్‌సీ తీసుకుని అమ్మాలి. చాలాచోట్ల అది చేయకుండా, పాత యజమాని సంతకాలున్న కాగితాలతోనే వేలంలో ఇచ్చేస్తున్నారు. తర్వాత ఆ పాత యజమాని టీవోకు రాడు, ఎందుకొస్తాడు? బండి పోయిన మంటలో ఉంటాడు. అలాగే అప్పు తీరిన బండ్లకు ఫారం 35, ఎన్ఓసీ (అప్పు తీరిందన్న కాగితాలు) ఇవ్వడానికి నెలల తరబడి తిప్పుతున్నారు. అప్పు తీరిన రోజే ఆన్‌లైన్లో హైపోథికేషన్ (ఆర్‌సీ మీది అప్పు నమోదు) తీసేసేలా వాళ్లను కట్టడి చేయండి.

యజమాని చనిపోయిన ఇళ్లలో బండి మూలకు పడి తుప్పు పడుతోంది. 30 రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలన్న సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. మరణ ధ్రువపత్రం ఇచ్చేటప్పుడే పంచాయతీ కార్యదర్శి ఈ మాట చెబితే చాలు.

దొంగ బండ్ల భయం మాకే ఎక్కువ, తెలియక కొన్నా స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మేమే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీస్తే, చెరిపి మళ్లీ కొట్టిన అంకెలు వరస తప్పి, లోతు తేడాగా కనబడతాయి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వాహన్ సమన్వయ్‌లో చాసిస్, ఇంజిన్ నంబర్లు కొట్టి చూసుకోవచ్చు. 29సీ రసీదు ఇచ్చేముందు మీసేవ కంప్యూటరే ఆ పరిశీలన చేసి ముద్ర వేసేలా చేయండి. దొంగ బండి అక్కడే ఆగిపోతుంది.

ఇంకొక్కటి, దీనికి గడువు ఉంది. మా జిల్లాల్లో ఇప్పటికీ ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో వేల బండ్లు తిరుగుతున్నాయి. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన ఆ బండ్లన్నీ 2029 జూన్‌కల్లా రిజిస్ట్రేషన్ గడువైన పదిహేనేళ్లు దాటుతాయి. వాటిలో చాలా బండ్ల అసలు యజమానులు ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయారు, ఫోన్ నంబర్లు మారిపోయాయి. రెన్యువల్ చేయించే హక్కు రికార్డులో ఉన్న యజమానిది, బండి తోలుతున్నది నాలుగో మనిషి. ఇవి కాగితం లేని బండ్లుగా మారేలోపు మండల కేంద్రాల్లో శిబిరాలు పెట్టండి. చాసిస్ ప్రింటు, ఇప్పటి ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రం, తోలుతున్న మనిషి ఆధార్ తీసుకుని, పాత యజమాని చిరునామాకు నోటీసు పంపి, 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పేరు మార్చే పద్ధతి పెట్టండి. మొదటి శిబిరాలు మిర్యాలగూడలోనూ జడ్చర్లలోనూ పెడితే, ఏ కాగితాల దగ్గర పని ఆగుతోందో మీ అధికారులకు మేమే దగ్గరుండి చూపిస్తాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత బండ్లు బాగుచేసి అమ్ముకునే చిన్న అమ్మకందారులు, మెకానిక్‌లు